వయొలెట్ ముఖం ఎలా ఉంటుంది?

1997 మార్చి 11న న్యూయార్క్‌లో 'వయొలెట్' అనే సంగీత నాటకం మొదలైంది. ఏప్రిల్ 6న ఆగిపోయింది. మొత్తం 32 ప్రదర్శనలు. ఒక్కో నాటకం ఏళ్ల తరబడి ఆడే ఆ ఊళ్లో ఇది చాలా తక్కువ ఆయుష్షు. ఆ నాలుగు వారాల్లో దాన్ని చూడగలిగినవాళ్లు కొద్దిమందే. మరుసటి ఏడు ఆ నాటకంలోని పాటల్ని, అందులో నటించినవాళ్ల గొంతుల్లోనే, ఒక సీడీగా తెచ్చారు. నాటకాన్ని కళ్లారా చూడకుండా, ఆ సీడీ విని దాని మీద ప్రేమ పెంచుకున్నవాళ్లు అమెరికాలోనూ బయటా చాలామంది ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఇరవై ఏళ్లు దాటింది నేను ఆ పాటలు వినడం మొదలుపెట్టి. ఎవరికీ పెద్దగా తెలియని ఒక మంచి నాటకాన్ని పరిచయం చేయాలన్న కోరిక నాకు ఎప్పట్నించో ఉంది. అయితే రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఒక ప్రశ్న అడ్డం వస్తుంది. ఈ నాటకమంతా ఒక స్త్రీ ముఖం చుట్టూ తిరుగుతుంది. మేమేమో ఆ ముఖం కనబడే వీల్లేని చోట, చెవులతో మాత్రమే ఆమెను కలుసుకున్నాం. ఆమెను ఇంతగా ప్రేమించగలిగింది ఆమెను చూడాల్సిన అవసరం లేకపోవడం వల్లేనా? అదే నిజమైతే మా ప్రేమ విలువెంత?

కథ చెప్పేముందు ఆ నాటకరంగం గురించి రెండు మాటలు. న్యూయార్క్‌లో 500 సీట్లు, అంతకు మించి ఉన్న నాటకశాలల్ని బ్రాడ్‌వే అంటారు. 100 నుంచి 499 సీట్ల వరకూ ఉన్నవి ఆఫ్-బ్రాడ్‌వే. టికెట్ ధరలు, జీతాలు, పెట్టుబడి, పేరు అన్నీ ఈ లెక్కను బట్టే మారతాయి. 'వయొలెట్'ని ప్రదర్శించిన ప్లేరైట్స్ హొరైజన్స్ లాభాపేక్ష లేని సంస్థ, కొత్త రచనలకు చోటిచ్చే సంస్థ. అక్కడ బాగున్న నాటకాన్ని ఎవరైనా నిర్మాత పెద్ద హాలుకి తీసుకెళ్తే అది బతుకుతుంది. లేకపోతే ముందు అనుకున్న వారాలు ఆడి ముగిసిపోతుంది. సెట్లు విప్పేస్తారు, నటులు వేరే పనులు వెతుక్కుంటారు. మిగిలేది రికార్డింగు ఒక్కటే. అది కూడా అన్ని నాటకాలకూ దక్కదు.

ఈ రికార్డింగు ఎలాంటిదో మన పాఠకులకు చెప్పడం కష్టం కాదు. ఆకాశవాణి వాళ్లు సినిమాని కుదించి 'సంక్షిప్త శబ్దచిత్రం' పేరుతో ప్రసారం చేసేవాళ్లు గుర్తుందా? హాలుకి పంపని ఇళ్లలో ఆడవాళ్లు ఎన్నో సినిమాల్ని అలా పప్పు రుబ్బుకుంటూ, బియ్యం ఏరుకుంటూ చెవులతో చూశారు. మా అమ్మ తను ఎన్నడూ చూడని సినిమాల్లో కథానాయిక ఏ చీర కట్టిందో కూడా చెప్పేది. ఎవరూ ఆమెకు చెప్పలేదు, తనే కట్టింది ఆ చీర. చూడని నాటకాన్ని ప్రేమించేవాళ్లు కూడా ఇదే పని చేస్తారు. గొంతులకు రూపాలు కడతారు.

'వయొలెట్'కి మూలం డోరిస్ బెట్స్ అనే అమెరికన్ దక్షిణాది రచయిత్రి రాసిన కథ. ఆ కథ పేరు 'ది అగ్లియెస్ట్ పిల్‌గ్రిమ్'. అందరికంటే అనాకారి అయిన యాత్రికురాలు అని అర్థం. 1973లో వచ్చిన ఆమె కథాసంపుటిలో ఉంది. దాని ఆధారంగా తీసిన పొట్టి సినిమాకి ఆస్కార్ కూడా వచ్చింది. నాటకానికి మాటలూ పాటలూ రాసింది బ్రయన్ క్రాలీ. సంగీతం జనీన్ టెసోరీ. అప్పటిదాకా ఆమె బ్రాడ్‌వే వాద్యబృందాల్లో, ఇతరుల నాటకాల సంగీతానికి మెరుగులు దిద్దే పనుల్లో ఉండింది. అంటే వేదిక ముందు గోతిలో కూర్చుని పని చేసే మనిషి. ప్రేక్షకులకు కనిపించని చోటు అది.

కథ 1964 సెప్టెంబరులో జరుగుతుంది. నార్త్ కెరొలైనా కొండల్లో స్ప్రూస్ పైన్ అనే చిన్న ఊరు. వయొలెట్‌కి పదమూడేళ్లప్పుడు తండ్రి కట్టెలు కొడుతుంటే గొడ్డలి కర్ర నుంచి ఊడి వచ్చి ఆమె ముఖానికి తగిలింది. ముఖం మీద లోతైన మచ్చ మిగిలింది. ఇప్పుడు ఆమె వయసులోకి వచ్చిన స్త్రీ. తల్లి లేదు, తండ్రీ పోయాడు. డబ్బు కూడబెట్టుకుని గ్రేహౌండ్ బస్సెక్కి ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాకి బయల్దేరుతుంది. అక్కడ టీవీలో కనిపించే ఒక క్రైస్తవ బోధకుడు ఉన్నాడు. చెయ్యి వేసి రోగాలు నయం చేస్తాడట. తన మచ్చ పోగొడతాడని ఆమె నమ్మకం. దారిలో ఇద్దరు యువ సైనికులు పరిచయమవుతారు. మాంటీ తెల్లవాడు, ఫ్లిక్ నల్లజాతివాడు. నాష్‌విల్, మెంఫిస్, ఫోర్ట్ స్మిత్ దాటుకుంటూ బస్సు సాగుతుంటే సంగీతం కూడా ఊరు మారుతుంది. కొండప్రాంతపు జానపదాలు, కంట్రీ, బ్లూస్, చివరికి టల్సాలో చర్చి బృందగానం.

ఈ నాటకంలో ఒక నిర్ణయం ఉంది. దానివల్లే ఈ వ్యాసం రాస్తున్నాను. వయొలెట్ పాత్ర వేసిన నటి ముఖం మీద మచ్చ ఉండదు. రంగు పూయరు, మైనం అతికించరు. 1997లో సూసన్ షుల్మన్ దర్శకత్వంలో లారెన్ వార్డ్ నటించినప్పుడు లేదు. 2014లో లీ సిల్వర్‌మన్ దర్శకత్వంలో సటన్ ఫోస్టర్ నటించినప్పుడూ లేదు. ఆమె మచ్చ గురించి అందరూ మాట్లాడతారు. ఆమెను చూడగానే ఉలిక్కిపడతారు, చూపు తిప్పుకుంటారు, ఒకటికి రెండుసార్లు తిరిగి చూస్తారు. ప్రేక్షకులకు మాత్రం శుభ్రమైన ముఖమే కనిపిస్తుంది. మచ్చ ఆమె ముఖం మీద కాకుండా, ఆమెను చూసేవాళ్ల ముఖాల మీద ఉంటుంది.

సీడీలో ఇది ఇంకొక మెట్టు పైకెళ్తుంది. అక్కడ ఎవరి ముఖమూ లేదు. మచ్చ ఉందని తెలిసేది గొంతుల వల్లే. పలకరింపులో తొంగిచూసే జాలి, అవసరానికి మించిన మర్యాద, వయొలెట్ ముందే కత్తి దూసి మాట్లాడే తీరు.

నాకు ఈ గొంతులు బాగా తెలుసు. నా ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉంది. తొమ్మిదో ఏట కిరసనాయిలు స్టౌ భగ్గుమన్నప్పుడు వచ్చింది. కంటి కింద నుంచి దవడ దాకా చర్మం ముడతపడి ఉంటుంది. నా ముందు నిలబడి మాట్లాడేవాళ్లు రెండు రకాలు. కొందరు మచ్చనే చూస్తారు. ఎక్కువమంది మంచివాళ్లు, అందుకని నా చెవిని చూస్తూ మాట్లాడతారు. పెళ్లిచూపులకు పంపడానికి ఫొటో తీసినప్పుడు స్టూడియో అతను నన్ను పక్కకు తిప్పి కుడి చెంప మాత్రమే పడేట్టు తీశాడు. ఆ ఫొటో చూసి వచ్చినవాళ్లు నా ఎడమ చెంప చూసి కాఫీలు తాగి వెళ్లిపోయేవాళ్లు. ఫోన్‌లో నాతో నెలల తరబడి చనువుగా మాట్లాడినవాళ్లు మొదటిసారి ఎదురుపడ్డప్పుడు వాళ్ల గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత సర్దుకుంటుంది. ఆ ఒక్క క్షణాన్ని నేను ఈ వయసు వరకూ లెక్కపెడుతూనే ఉన్నాను.

భర్త ఉద్యోగం మీద న్యూజెర్సీ వెళ్లిన తొలి ఏళ్లలో నాకు పని చేసే అనుమతి లేదు. ఊరి లైబ్రరీయే నా పగలంతా. పుస్తకాలు అయిపోయాక సీడీల అరలకొచ్చాను. అక్కడ దొరికింది 'వయొలెట్'. అట్టలోపల పాటల పాఠం ఉంది. మొదటి రోజు మూడుసార్లు విన్నాను. నా గురించి ఎవరో పాడారనిపించిందని చెప్తే అబద్ధమవుతుంది. నా ఊరు కాదు, భాష కాదు, దేవుడు కాదు. ఆమె కోపం మాత్రం నాకు తెలిసిందే. తెలుగు పుస్తకాల్లో మచ్చ ఉన్న ఆడమనిషికి ఓర్పు ఉంటుంది, మంచితనం ఉంటుంది, త్యాగం ఉంటుంది. వయొలెట్‌కి ఇవేవీ లేవు. మొండిది, నోటి దురుసు, పేకాటలో సైనికుల డబ్బు గెలుచుకుంటుంది, తనకేం కావాలో స్పష్టంగా అడుగుతుంది. అందం కావాలి ఆమెకు.

ఈ కోరిక దగ్గర మన స్త్రీవాదులం కూడా కాస్త ఇబ్బంది పడతాం. సౌందర్య ప్రమాణాలు పితృస్వామ్యం పెట్టినవని, వాటి మాయలో పడొద్దని మనం ఎన్నో వ్యాసాల్లో రాసుకున్నాం. అది నిజమే. కానీ ఆ నిజాన్ని ఎవరు ఎవరికి చెప్తున్నారన్నది కూడా చూడాలి. ఒక పాటలో వయొలెట్ సినిమా తారల్ని ముక్కలుగా విడగొట్టుకుంటుంది. గ్రేస్ కెల్లీ ముక్కు, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ చెంప ఎముకలు, ఇంకొకరి కనుబొమలు, మరొకరి జుట్టు. బోధకుడు ఎలాగూ కొత్త ముఖం ఇస్తాడు కాబట్టి ఏం అడగాలో ముందే జాబితా రాసుకుంటోంది. వినగానే నవ్వొస్తుంది. రెండోసారి వింటే, మార్కెట్ ఆడవాళ్ల శరీరాల్ని ఎలా ముక్కలు చేసి అమ్ముతుందో ఆమె ఎంత బాగా నేర్చుకుందో తెలుస్తుంది. ఇంకాస్త విన్నాక నాకు వేరే సంగతి వినపడింది. ఆమె అడుగుతున్నది పదిమందిలో నడిచి వెళ్లే హక్కు. బస్టాండులో టికెట్ కొనుక్కుంటే అది కొనుక్కునే మనిషిగా మాత్రమే కనపడాలి. అందగత్తెలకు, అందచందాల ఊసెత్తనక్కర్లేని మామూలు ముఖాలకు ఇది పుట్టుకతోనే వచ్చేస్తుంది. అది ఉన్నవాళ్లు లేనివాళ్లతో 'అసలు అందం మనసులో ఉంటుంది' అంటుంటారు. కడుపు నిండినవాళ్లు ఉపవాసం గొప్పతనం చెప్పినట్టుంటుంది.

ఆ మాట నాకు చిన్నప్పట్నించీ చాలామంది చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. అయితే మనసు అందం గురించి ఎవరూ అందమైన పిల్లకి చెప్పరు. అది చెప్తున్నారంటేనే ముఖం గురించి తీర్పు అయిపోయిందని అర్థం. మన భాషలో 'ముఖ్యం' అన్న మాట పుట్టిందే 'ముఖం' లోంచి. ముఖం చెల్లదు, ముఖం చూపించలేను, ఏ ముఖం పెట్టుకుని వచ్చావు అంటాం. పరువంతా ముఖంలోనే పెట్టిన భాషలో పుట్టి, ముఖం ముఖ్యం కాదని ఓదారిస్తే ఎలా నమ్మడం?

ఇక మచ్చ చూపించకపోవడం గురించి. నా స్నేహితురాలు ఒకావిడ నాటకాలు వేస్తుంది. ఆమెకు ఈ పాటలు వినిపించి, సంగతి చెప్పాను. పాటలు నచ్చాయి గానీ ఈ ఏర్పాటు ఆమెకు నచ్చలేదు.

"ఇందులో గొప్పేముందే? చక్కని అమ్మాయి చేత వేయించి, మచ్చ ఊహించుకోండి అంటే జనానికి హాయి. టికెట్ కొని రెండు గంటలు అందమైన ముఖం చూసి, అందం ముఖ్యం కాదని కన్నీళ్లు పెట్టుకుని ఇంటికెళ్తారు. నిజంగా మచ్చ ఉన్న నటికి ఆ వేషం ఇస్తారా?"

ఈ ప్రశ్నని తోసెయ్యడం కుదరదు. మచ్చలేని నటి మచ్చ ఉన్న పాత్ర వేస్తే ఒక ఉద్యోగం పోతుంది, ఆ ఉద్యోగం పోయేది ఎప్పుడూ ఒకే పక్కవాళ్లకి. ముఖం మీద తేడా ఉన్నవాళ్లు తెరమీద కనపడితే సాధారణంగా ప్రతినాయకులై ఉంటారు, లేదా దయ్యాలై ఉంటారు. కాబట్టి వయొలెట్ ఒక రోజు నిజమైన మచ్చతో వేదిక ఎక్కాలని నేనూ కోరుకుంటాను. అయితే రంగుతో వేసిన మచ్చ దానికి జవాబు కాదు. అతికించిన మచ్చని జనం కొలుస్తారు. ఎంత పెద్దది, ఎంత వికారం, ఆమె బాధ దానికి సరిపోయిందా లేదా అని. ఇంత చిన్న మచ్చకా ఇంత గోల అనుకునేవాళ్లు ఉంటారు. ఇంత వికారమైతే పాపం ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లూ ఉంటారు. ఏ మచ్చా లేకపోతే ఆ కొలత సాగదు. అప్పుడు చూడాల్సింది చూసేవాళ్ల తీరునే.

2014లో 'వయొలెట్' బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు వెళ్లి చూశాను. పెద్ద హాలు. సటన్ ఫోస్టర్ మామూలు గౌనులో, మేకప్ లేని ముఖంతో, సూట్‌కేసు పట్టుకుని వచ్చింది. మచ్చ ఉండదని ముందే తెలిసినా కళ్లు ఆగవు. హాలంతా ముందుకు వంగి ఆమె చెంపల మీద ఏదో వెతికింది. ఏమీ దొరకలేదు. ఆ వెతుకులాట ఎంతసేపు సాగిందో ఒక్కొక్కరికే తెలియాలి. నేను పెరిగిందంతా ఆ వెతుకులాటకి అవతలి కొసన. ఇన్ని వందలమంది ఒకేసారి ఆ పని చేస్తుంటే వాళ్ల మధ్య కూర్చుని చూడటం అదే మొదటిసారి. నా స్నేహితురాలి ప్రశ్నకి సగం జవాబు నాకు అక్కడ దొరికింది. మిగతా సగం, అంటే ఆ ఉద్యోగం సంగతి, అలాగే ఉంది.

ఫ్లిక్ గురించి మాట్లాడకుండా ఈ నాటకం గురించి మాట్లాడటం తప్పించుకోవడమే అవుతుంది. 1964 జులై 2న అమెరికాలో పౌరహక్కుల చట్టం మీద సంతకం అయింది. కథ ఆ తర్వాత రెండు నెలలకి, దక్షిణాది రాష్ట్రాల గుండా వెళ్లే బస్సులో జరుగుతుంది. చట్టం వచ్చింది గానీ హోటల్లో వడ్డించే మనిషి చూపు మారలేదు. వయొలెట్‌నీ ఫ్లిక్‌నీ ఇద్దర్నీ ముఖం చూసి తూకం వేస్తారు. ఈ పోలిక పట్టుకుని ఇద్దరి బాధా ఒకటే అని తేల్చెయ్యడం రచయితకి చాలా సులువు. నాటకం ఆ సులువైన దారిలో పోలేదు. ఆమె తన ముఖం బాగవ్వాలని ప్రయాణం చేస్తోంది. ఫ్లిక్‌కి బాగవ్వాల్సిందేమీ లేదు, బాగవ్వాల్సింది అతని దేశం. అతను పాడే పాటలో ఆ ధీమా ఉంటుంది. ఎవరు ఏ పేరుతో పిలిచినా తన గొంతు తనదేనని, నీ గొంతు నువ్వు విప్పమని ఆమెకు చెప్తాడు. తెల్లదాన్నన్న వెసులుబాటు తనకుందని వయొలెట్‌కి వెంటనే అర్థం కాదు. బాధపడ్డవాళ్లకి ఇతరుల బాధ తానుగా అర్థమైపోతుందన్న భ్రమ ఈ నాటకంలో లేదు. కులాన్నీ స్త్రీ శరీరాన్నీ పక్కపక్కన పెట్టి మాట్లాడేటప్పుడు మనకూ కావాల్సిన జాగ్రత్త ఇది.

మరి వయొలెట్‌కి నయమవుతుందా? టల్సాలో బోధకుడు ఏమీ చెయ్యలేడు. టీవీలో చూసిన అద్భుతాల వెనక రిహార్సళ్లు, గాయకబృందం, కెమెరాలు ఉన్నాయి. ఖాళీ ప్రార్థనామందిరంలో ఆమె ఒంటరిగా మిగిలినప్పుడు చనిపోయిన తండ్రి ఎదురొస్తాడు. ఇన్నేళ్లూ అడగాలనుకున్నది అడుగుతుంది. ఆ గొడ్డలి ఎందుకు సరిచూసుకోలేదు? నన్నెందుకు ఇలా చేశావు? అతను తప్పించుకోడు. కూతురికి పేకాట నేర్పింది, ఆ ముక్కల్తోనే లెక్కలు నేర్పింది, తనకు చేతనైనంత చేసింది, అంతకుమించి తనకేమీ తెలీదంటాడు. నాటకం మొదటి భాగంలో ఒక పాట ఉంది. చిన్న వయొలెట్ తండ్రి దగ్గర పేకాట నేర్చుకుంటూ ఉంటుంది, అదే సమయంలో పెద్ద వయొలెట్ సైనికుల్ని ఓడిస్తూ ఉంటుంది. వేదిక మీద కళ్లు ఎటు చూడాలో తేల్చుకోవాలి. సీడీలో రెండు ఆటలూ, రెండు వయసులూ చెవిలో ఒకేసారి ఉంటాయి. తండ్రి ఆమెకు మచ్చతోపాటు ఇంకేం ఇచ్చాడో ఆ పాటలోనే ఉంది. ఆ సంగతి కథలోకి వచ్చేసరికి చాలాసేపు పడుతుంది. వినేవాళ్లకి ముందే తెలిసిపోతుంది.

ఆమె తండ్రిని క్షమిస్తుంది. నా స్త్రీవాద మనసు ఇక్కడ ఒక క్షణం అనుమానించింది, మళ్లీ ఆడపిల్లే క్షమించాలా అని. కానీ ఇక్కడ క్షమాపణ తండ్రి అడిగింది కాదు, ఆమెకే కావలసి వచ్చింది. పదేళ్లకు పైగా ఆ గొడ్డలిని తనే మోస్తోంది, దించేసింది. ఆ తేలికలో తన మచ్చ పోయిందని నమ్ముతుంది. వెలిగే ముఖంతో ఫోర్ట్ స్మిత్ బస్టాండులో దిగుతుంది. అక్కడ తనను చూసిన కళ్లల్లో మచ్చ ఎక్కడికీ పోలేదని తెలుసుకుంటుంది. చాలా కథలు ఇక్కడ మోసం చేస్తాయి. మచ్చని మాయం చేస్తాయి, లేదా ఆమెకు ఆ ఊసే పట్టనట్టు చేస్తాయి. ఇందులో ఆమె కుప్పకూలుతుంది. తర్వాత ఫ్లిక్ ఆమెను వెళ్లిపోనివ్వడు. ఆమె ముఖాన్ని చూస్తూ నిలబడతాడు. చెవిని చూడడు. నయం కావడమంటే ఈ నాటకం లెక్కలో అంతే. ఒకరు తప్పుకోకుండా చూడటం, ఆ చూపు కింద నుంచి తను పారిపోకపోవడం. మచ్చ మచ్చలాగే ఉంటుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వస్తాను. సీడీ విని ప్రేమించిన మా ప్రేమ సంగతేంటి?

'వయొలెట్'ని ఎవరూ పట్టించుకోలేదని దాని అభిమానులు అంటుంటారు. ఆ మాట సరిగ్గా నిజం కాదు. 1997లో ఉత్తమ సంగీత నాటకంగా న్యూయార్క్ విమర్శకుల బృందం బహుమతి దానికే వచ్చింది. లూసీల్ లార్టెల్ బహుమతీ వచ్చింది. దాన్ని చూశారు, మెచ్చుకున్నారు, పక్కన పెట్టారు. పెద్ద హాలుకి తీసుకెళ్లడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆడవాళ్ల పని విషయంలో ఇది మనకు కొత్తేమీ కాదు. శాలువా కప్పుతారు, తర్వాత ఎవరూ పుస్తకం మళ్లీ అచ్చెయ్యరు. నిర్లక్ష్యం ఎప్పుడూ చూడకపోవడంగానే రాదు. చూసి వెళ్లిపోవడంగా కూడా వస్తుంది. అభిమానులు చేసిందల్లా వెళ్లిపోకుండా ఉండటం. సంగీతం నేర్చుకునే పిల్లలు ఆ పాటలు పాడుకున్నారు. కాలేజీ బృందాలు, చిన్న ఊళ్ల నాటకశాలలు దాన్ని ఆడుతూ వచ్చాయి. 2013 జులైలో న్యూయార్క్ సిటీ సెంటర్‌లో ఒక్క రాత్రి కచేరీగా దాన్ని మళ్లీ వినిపించారు. ఆ కార్యక్రమాలకు కళాదర్శకురాలు జనీన్ టెసోరీయే. ఆ వేసవిలోనే అదే వరుసలో గ్రెచెన్ క్రయర్, నాన్సీ ఫోర్డ్ అనే ఇద్దరు స్త్రీలు 1978లో చేసిన స్త్రీవాద సంగీత నాటకాన్ని కూడా బయటికి తీశారు. 'వయొలెట్'కి ఆ ఒక్క రాత్రి వచ్చిన స్పందన చూసి మరుసటి ఏడు బ్రాడ్‌వేకి తెచ్చారు. రెండంకాల్ని ఒకటిగా కుదించి, కొన్ని పాటలు మార్చారు. 2014 ఏప్రిల్ 20 నుంచి ఆగస్టు 10 వరకూ ఆడింది. రెండో రికార్డింగు వచ్చింది. 2019లో లండన్‌లోనూ ఆడింది. టెసోరీ 2015లో 'ఫన్ హోమ్' నాటకానికి లీసా క్రాన్‌తో కలిసి ఉత్తమ సంగీతానికి టోనీ అందుకుంది. స్త్రీలు మాత్రమే ఉన్న జంటకి ఆ బహుమతి రావడం అదే మొదలు.

ఈ అభిమానంలో ఒక చిన్న గర్వం కూడా ఉంటుంది. ఎవరికీ తెలియనిది నాకు తెలుసన్న గర్వం. 2014లో దానికి పేరు వచ్చినప్పుడు పాత రికార్డింగే అసలైనదని కొందరు పట్టుబట్టారు. నాకూ లారెన్ వార్డ్ గొంతే వయొలెట్ గొంతు. అయితే మరుగున ఉన్నదాన్ని మరుగున ఉంది కాబట్టే ప్రేమించడం జాలికి దగ్గరి చుట్టం. జాలి కూడా తన మంచితనాన్ని చూసుకుని మురుస్తుంది. 'పాపం, ఎంత మంచి పిల్లో, ఆ మచ్చ లేకపోతే' అనేవాళ్ల మురిపెం నాకు తెలుసు. ఆ నాటకం అందరికీ తెలిసిపోయినా నేను దాన్ని వింటానా అన్నదే ప్రేమకి పరీక్ష. వింటున్నాను.

ఇక చెవితో ప్రేమించడం సులువు కాదా అంటే, సులువే. ఫోన్‌లో నన్ను ఇష్టపడటం ఎంత సులువో అంత సులువు. కానీ ఆ సులువుని నేను తక్కువ చెయ్యను. ముఖం అడ్డం లేకపోతే ఒక మనిషి కోపం, తెలివి, ఆశ, పెంకితనం ఎంత స్పష్టంగా వినిపిస్తాయో ఆ సీడీ నేర్పుతుంది. తీర్పు చెప్పే కళ్లకి కాసేపు సెలవిచ్చి, మొత్తం మనిషిని ముందే పరిచయం చేస్తుంది. అది ముందుగా అందిన అప్పులాంటిది. తీర్చాల్సింది మాత్రం చూపుతోనే. వయొలెట్‌ని విని కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు మర్నాడు బస్సులో మచ్చ ఉన్న మనిషి పక్కన సీటు ఖాళీగా ఉంటే కూర్చుంటారా, నిలబడే ప్రయాణం చేస్తారా? ఏ పాటా దీనికి జవాబు చెప్పలేదు.

వయొలెట్ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండని ఆ పాటలు విన్న నలుగురైదుగురు స్నేహితురాళ్లని అడిగాను. ఒకరు పెద్ద మచ్చ చెప్పారు, ఒకరు సన్నని గీత చెప్పారు, ఒకరు కళ్లు మాత్రమే చెప్పారు. నాటకాలు వేసే స్నేహితురాలు నా వైపు సూటిగా చూసి, "నీలాగే ఉంటుంది" అంది. చెవి వైపు చూడలేదు.

నా ఊహలో ఆమె ముఖానికి ఇప్పటికీ రూపం రాలేదు. రానక్కర్లేదని కూడా అనిపిస్తోంది. ఆమె ఎలా ఉంటుందన్న ప్రశ్నతో మొదలుపెట్టాం గానీ, ఆమె బస్సు దిగి మన ముందుకొస్తే మన ముఖం ఎలా ఉంటుందన్నదే ఇప్పుడు తేలాల్సిన సంగతి.